ఇంగ్లిష్ మాటలు ఎలా పెంచుకోవాలో అడిగావుగా అమ్మలూ, చెప్తా విను

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి చూశా. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదువు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఎమ్మే కోసం సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాస్తానంటున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు ఎంత సంతోషమేసిందో. పదో తరగతి దాకా తెలుగు మీడియం కదా, ఇంగ్లిష్ పేపర్లో మాటలు తెలియవేమోనని నీ బెంగ, అందుకే ఎవరో పంపిన మూడు వేల పదాల పీడీఎఫ్ పెట్టుకుని రోజుకు యాభై చొప్పున బట్టీ పడుతున్నానన్నావు. ముందు ఆ పీడీఎఫ్ మూసెయ్యి. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చెప్పినదాన్ని, అలా బట్టీ పట్టిన పిల్లల్ని ఎంతోమందిని చూశా, ఏ నుంచి సీ దాకా గడగడా అప్పజెప్తారు, అదే మాట ప్యాసేజీలో కనబడితే మాత్రం గుర్తుపట్టలేరు.

అసలు పేపర్ ఎలా ఉంటుందో చూడు. సీయూఈటీ 2022లో మొదలైంది, 2025 నుంచి ఒక్కో పేపర్లో 50 ప్రశ్నలు, అన్నీ చెయ్యాల్సిందే, 60 నిమిషాలు టైము, కంప్యూటర్ మీద. ఒప్పుకి 5 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. ఇంగ్లిష్లో ప్యాసేజీలుంటాయి, కలగాపులగం చేసిన వాక్యాన్ని వరసలో పెట్టడం, ఖాళీలో సరైన మాట పెట్టడం, సినానిమ్స్, ఆంటోనిమ్స్ ఇవన్నీ ఉంటాయి. వీటిల్లో చాలావాటికి ఒక మాటకి ఒక అర్థం అని నేర్చుకుంటే సరిపోదమ్మా, ఆ మాట ఆ వాక్యంలో ఏ పని చేస్తోందో తెలియాలి.

టెపిడ్ అనే మాట తీసుకో. డిక్షనరీలో గోరువెచ్చని అని ఉంటుంది, నీ పీడీఎఫ్‌లోనూ అదే ఉంటుంది. ప్యాసేజీలో మాత్రం కొత్త పథకానికి జనం నుంచి టెపిడ్ రెస్పాన్స్ వచ్చింది అని ఉంటుంది, కింద నాలుగు ఆప్షన్లలో వార్మ్ అని ఒకటి పెడతారు. గోరువెచ్చన అంటే వెచ్చనే కదా అని అది నొక్కావంటే మార్కు పోయినట్టే. అక్కడ అర్థం స్పందన అంతంతమాత్రంగా ఉందని. ఆ వాక్యంతో సహా నేర్చుకుని ఉంటే ఈ పొరపాటు జరగదు.

ఇప్పుడు నేను గట్టిగా నమ్మే మాటొకటి చెప్తా. నీకు ఇంగ్లిష్ మాటలు రావు అనుకోవడమే తప్పు, మనింట్లో, మన వీధిలో, మీ కాలేజీలో రోజూ దొర్లే ఇంగ్లిష్ మాటలే వందలున్నాయి, అవి కూడా పెద్ద పెద్ద మాటలే, వాటిని పట్టుకుని అక్కణ్ణుంచి ఒక్కో అడుగు బయటికి వేస్తే చాలు, ఎక్కడో తెలియని చోట మొదలుపెట్టనక్కర్లేదు.

మీ నాన్న బ్యాంకు లోన్ కోసం రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ తెచ్చారు కదా, బీరువాలో ఉంటుంది, ఒకసారి తీసి చదువు. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఎన్‌కంబరెన్స్ అంటే బరువు, అడ్డు, అంటే ఆ పొలం మీద అప్పుల భారం, తాకట్లు ఏమన్నా ఉన్నాయా అని చూపించే కాగితం అది. ఇది తెలిస్తే ఎన్‌కంబర్ అంటే భారం మోపడం అని నీకే తెలిసిపోతుంది, కంబర్‌సమ్ ప్రొసీజర్ అంటే ఎందుకొచ్చిన తలనొప్పిరా బాబూ అనిపించే ప్రొసీజర్, అన్‌ఎన్‌కంబర్డ్ అంటే ఏ భారమూ లేనిది. అదే కాగితంలో మార్ట్‌గేజ్ అని కూడా కనబడొచ్చు. అందులో మార్ట్ అంటే పాత ఫ్రెంచిలో చావు, గేజ్ అంటే తాకట్టు. మరి మార్చురీ ఎవరికి తెలీదు, పోస్టుమార్టం ఎవరికి తెలీదు? మార్టల్, ఇమ్మార్టల్, మార్టాలిటీ అన్నీ ఆ చావు చుట్టూ తిరిగేవే. ఒక్క కాగితంలోంచి ఎన్ని మాటలొచ్చాయో చూడు.

మీ కాలేజీలో తీసుకునే బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా అంతే. లాటిన్లో బోనా ఫిదే అంటే మంచి నమ్మకంతో అని. ఆ నమ్మకం దగ్గర్నుంచే ఫిడెలిటీ, కాన్ఫిడెన్స్, కాన్ఫైడ్, కాన్ఫిడెన్షియల్ వచ్చాయి, మంచి దగ్గర్నుంచి బోనస్ వచ్చింది. పరీక్షల్లో ఇన్విజిలేటర్ ఉంటారా, విజిల్ అంటే మెలకువగా కాపలా కాయడం, అందులోంచే విజిలెంట్, విజిలెన్స్ వాళ్లు, సర్వైలెన్స్ కూడా దూరపు చుట్టమే. మాల్‌ప్రాక్టీస్‌లో మాల్ అంటే చెడు, దాంతో మాల్‌న్యూట్రిషన్, మాలిస్, మాలెవొలెంట్, మాలైన్. మలేరియా కూడా ఇందులోదే, ఇటాలియన్లో చెడు గాలి అని. పూర్వం ఆ జ్వరం బురదగాలి వల్ల వస్తుందనుకునేవాళ్లు, దోమలో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో. ఇలాంటి కబుర్లు పట్టుకుంటే మాట మర్చిపోదామన్నా మర్చిపోలేవు.

ఇంట్లో వాడే మాటకి మనకి తెలిసిన అర్థం ఒకటైతే ప్యాసేజీలో ఇంకోటి కూడా ఉండొచ్చు, అది మాత్రం జాగ్రత్త. లోన్ సాంక్షన్ అయిందంటే మంజూరైందని, అదే ఒక దేశం ఇంకో దేశం మీద సాంక్షన్స్ పెట్టింది అంటే ఆంక్షలు, అచ్చంగా తలకిందులు. ఎమ్మార్వో ఆఫీసులో మ్యుటేషన్ అంటే రికార్డుల్లో పేరు మార్చడం, బయాలజీలో మ్యుటేషన్ జన్యువులో వచ్చే మార్పు, రెండింటిలోనూ మార్పే ఉంది కాబట్టి అది పట్టుకో. క్యాజువల్ లీవ్ తెలుసు, క్యాజువల్ రిమార్క్ అంటే పెద్దగా ఆలోచించకుండా అన్న మాట, మరి క్యాజువాల్టీ అంటే ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు, యుద్ధం వార్తలో మాత్రం చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు.

ఇంకోటి, తెలుగు బాగా వచ్చిన నీకు అసలు లోటే లేదు. 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లిష్ పండితుడు కలకత్తాలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలంలోంచి పుట్టి ఉంటాయని చెప్పాడు. మన తెలుగులో సంస్కృతం మాటలు బోలెడు, ఇంగ్లిష్లో లాటిన్ మాటలు బోలెడు, అందుకే అగ్ని దగ్గర ఇగ్నైట్, దంతం దగ్గర డెంటల్, వాక్కు దగ్గర వోకల్, నామం దగ్గర నామినేట్, మృతి దగ్గర మార్టల్ ఇలా వరసగా దొరుకుతాయి. అమృతం, ఇమ్మార్టల్ పక్కపక్కన పెట్టి చూడు, రెండూ చావు లేనితనం గురించే, రెండింటి ముందూ ఉన్నది లేదు అని చెప్పే ముక్కే. తెలుగు మీడియం వల్ల నష్టపోయానని ఇంకెప్పుడూ అనకు.

అయితే ముక్కలు విడగొట్టడం మీద మరీ ధీమా పెట్టుకోవద్దు. ఇన్ అంటే ఎప్పుడూ కాదు అనే అర్థం రాదు. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనంత విలువైనది. ఇన్‌ఫ్లేమబుల్ అని ట్యాంకర్ వెనకాల రాసుంటే అంటుకోదని కాదు, భగ్గుమంటుందని. పరీక్ష పెట్టేవాళ్లకి ఇలాంటివంటే మహా ఇష్టం. విడగొట్టి ఊహించు, తర్వాత వాక్యంలో పెట్టి సరిపోయిందా లేదా చూసుకో.

నోట్‌బుక్ సంగతి. ఎలక్ట్రానిక్‌గా వద్దు, చేత్తో రాయి. కొత్త మాట, అది ఎక్కడ కనబడిందో ఆ వాక్యం మొత్తం, నీ జీవితంలోంచి నువ్వు సొంతంగా రాసిన ఒక వాక్యం, దాని చుట్టాలు ఒకట్రెండు, అంతే. తెలుగు అర్థం ఆఖర్న రాసుకో, మొదట కాదు. మన పిల్లలందరూ చేసే పనొకటుంది, మాటని తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు, పలకడానికి అది మంచిదే గానీ స్పెల్లింగ్ లేకుండా అదొక్కటే ఉంటే దెబ్బ తింటావు. ప్రిన్సిపల్ అని తెలుగులో రాస్తే మీ కాలేజీ ప్రిన్సిపలూ అదే, సూత్రం అనే మాటా అదే, ఇంగ్లిష్లో మాత్రం ఒకదాని చివర ఏ ఎల్, ఇంకోదాని చివర ఎల్ ఈ. స్టేషనరీ కూడా అంతే, ఈ ఉంటే పెన్నులు కాగితాలు, ఏ ఉంటే కదలకుండా ఉన్నది. ఇలాంటి జంటలకి నోట్‌బుక్ వెనక నాలుగు పేజీలు వదిలెయ్యి. రోజుకి ఏడెనిమిది మాటలు మించొద్దు, నిజంగా మించొద్దు.

చదవడం గురించి అందరూ ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదవమంటారు, నేను మాత్రం మొదట్లోనే అది వద్దంటా. తెలియని విషయం, తెలియని మాటలు రెండూ ఒకేసారి మీద పడితే ఎవరైనా పేపర్ పక్కన పడేస్తారు. పొద్దున్నే తెలుగు పేపర్లో చదివిన వార్తనే ఇంగ్లిష్ పేపర్లో వెతికి చదువు, విషయం ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతటవే విడిపోతాయి. రాత్రి చూసిన క్రికెట్ మ్యాచ్ రిపోర్టు ఇంకా మంచిది, ఎవరు ఎలా అవుటయ్యారో నీ కళ్లతో చూశావు, కొలాప్స్, రెసిలియంట్, ఫాల్టర్, క్లించ్ లాంటివి డిక్షనరీ తియ్యకుండానే అర్థమైపోతాయి. ఒక రెండు నెలలు ఇలా నడిచాక ఎడిటోరియల్‌కి వెళ్లు. పేపర్ కొనలేకపోతే మీ ఊరి గ్రంథాలయంలో చూడు, ఫోన్లో అయినా పర్లేదు.

పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, కాల్ ఆఫ్ లాంటి ఫ్రేజల్ వెర్బ్స్ ముక్కలు చేసి చూడొద్దు. మనం వాడు చేతులెత్తేశాడు అంటాం, అది తెలియని వాళ్లు చేతులు, ఎత్తడం అని విడివిడిగా వెతికితే ఏం బోధపడుతుంది? అవీ అంతే, మొత్తంగా ఒక మాట కిందే పట్టుకో.

నేర్చుకున్నది నిలబడాలంటే మళ్లీ చూడాలి. కొత్తగా నేర్చుకున్నది మొదటి కొద్ది గంటల్లో, రోజుల్లోనే ఎక్కువ జారిపోతుందని జర్మనీలో ఎబింగ్‌హౌస్ అనే సైకాలజిస్టు తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు. కాబట్టి ఇవాళ రాసినవి రేపు, తర్వాత మూడో రోజు, వారానికి, నెలకి చూడు. చూడ్డం అంటే చదువుకుంటూ పోవడం కాదు, అర్థం మీద చెయ్యి అడ్డం పెట్టి గుర్తు తెచ్చుకోవడం. రానివాటికి చుక్క పెట్టు. ఆ చుక్కలున్నవే మళ్లీ మళ్లీ.

ఇంటర్ పబ్లిక్ పరీక్షల టైములో దీన్ని పూర్తిగా ఆపకు, రోజుకి ఓ పావుగంట పాతవి తిరగెయ్యి చాలు. అవి అయిపోయాక మే దాకా దొరికే టైములో మాత్రం పాత పేపర్లు టైము పెట్టుకుని చెయ్యి. పరీక్షలో తెలియని మాట వస్తే కంగారు పడొద్దు, ముందు ఆ వాక్యం మెచ్చుకుంటోందా, తిడుతోందా చూడు, తిట్టే వాక్యంలో పొగిడే మాటలు కొట్టెయ్యొచ్చు, అక్కడే రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి. మిగతా రెండింట్లో ఒకటి పెట్టెయ్యి, ఒప్పుకి ఐదు, తప్పుకి ఒకటే పోతుంది కదా, లెక్కేసుకుంటే వదిలెయ్యడం కన్నా పెట్టడమే లాభం.

ఈ ఆదివారం ఈసీ కాగితంతోనే మొదలుపెట్టు. నోట్‌బుక్‌లో మొదటి రెండు పేజీలు నిండాక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నువ్వు సొంతంగా రాసిన వాక్యాలు నేను దిద్ది పంపిస్తా. మీ అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడిగించుకో, తనకీ ఇవి సరదాగా ఉంటాయి.

మీ పెద్దమ్మ