విపత్తులను ఎదుర్కోవడానికి ఆసుపత్రి అత్యవసర విభాగం సిబ్బంది నిజంగా సిద్ధంగా ఉంటారా?

ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడి ప్రాంతపు ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేశాను. డాక్టర్లకూ నర్సులకూ శిక్షణ బాగానే ఇస్తున్నారు కానీ, ఆపద వేళ పని ఎవరి చేతిలో ఆగిపోతుందో వారిని మాత్రం ఎవరూ పిలవడం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి దెబ్బ శ్రీకాకుళం వైపు ఎక్కువైనా, కుంభవృష్టి మా కొండల మీద కూడా కురిసి, బరఘర దగ్గర కొండచరియలు విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ మర్నాడు మా దగ్గరకు మొదట వచ్చినవారంతా నడవగలిగినవారే. రేకు కోసుకుని చెయ్యి తెగినవారు, జారిపడి మోకాలు చెక్కుకుపోయినవారు బంధువుల బండ్ల మీద ముందుగా చేరి మంచాలన్నీ నింపేశారు. చాలా విపత్తుల్లో ఇదే వరుస, ఎందుకంటే పెద్ద దెబ్బలు తగిలినవారిని ఎవరో ఒకరు మోసుకురావాలి.

గోడ కూలి ఛాతీ నలిగిన ఒక పెద్దాయనను నులక మంచం మీద తెచ్చేసరికి వాడుతున్న ఆక్సిజన్ అయిపోవచ్చింది. పక్కనే నిండు సిలిండర్ ఉంది కానీ, దాన్ని తెరిచే తాళం అటెండరు జేబులో ఉంది, ఆయనేమో వంశధార పొంగి అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. చివరికి జనరేటర్ చూసుకునే కుర్రాడు తన పానా తెచ్చి, రెండు చేతులతో బిగబట్టి వాల్వు తిప్పాడు. ఆ కుర్రాడు కాంట్రాక్టు మనిషి కనుక ఏ శిక్షణ జాబితాలోనూ అతని పేరు లేదు.

ట్రయాజ్, అంటే ఎవరికి ముందు చికిత్స అందాలో తేల్చే పద్ధతి, దాని సంగతీ అంతే. నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా, వెంటనే చూడాల్సినవారని గుర్తుగా ఎర్ర పట్టీ కట్టాలని మాకు కంఠతా వచ్చు. రంగు పట్టీలు బీరువాలో ఉండి, తాళాలు స్టోర్ ఇన్‌ఛార్జి ఇంట్లో ఉండడంతో, ల్యూకోప్లాస్టు ముక్కల మీద పెన్నుతో రాసి చొక్కాలకు అంటించాము. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది: కొండ మీది నుంచి వచ్చిన సవర తెగ గిరిజన ముసలమ్మకు మా తెలుగూ తెలియదు, ఒడియా కూడా అంతంతమాత్రమే. వేలు పట్టుకోమంటే ఆమె పట్టుకోకపోవడం తలకు తగిలిన దెబ్బ వల్లా, మా మాట అర్థం కాకపోవడం వల్లా? ఊడ్చే సవర ఆమె వచ్చి అడిగాకే తేలింది, దెబ్బ కాలికి మాత్రమేనని.

మాక్ డ్రిల్లులో ఇవేవీ బయటపడవు. ముందురోజే కబురు వస్తుంది, పగలు పదకొండింటికి అందరూ ఇస్త్రీ బట్టలతో హాజరవుతారు, గాయపడినట్టు నటించే నర్సింగ్ విద్యార్థినులు నవ్వు ఆపుకుంటూ స్ట్రెచర్ ఎక్కుతారు, ఫొటోలు తీసి ఫైలులో పెడతారు. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఒక్క రోగికి పన్నెండు గంటలు కూడా రాదు; మరి రెండు రోజులు రోడ్డు మూసుకుంటే ఎంతమందికి సరిపోతుందని ఆ డ్రిల్లులో ఎవరైనా లెక్క కట్టగా నేను చూడలేదు. ముందుగా చెప్పకుండా, రాత్రి రెండింటికి, కరెంటు తీసేసి, ఆ వేళ డ్యూటీలో ఉన్న వాచ్‌మన్‌తో సహా ఒక్కసారి చేయించమని మా పెద్దలను పలుమార్లు అడిగాను. రోగులకు ఇబ్బంది కలుగుతుందన్నారు.