వేసిన పాయింట్లు ఎక్కువైనా 3-9తో ఎలా ముగిసింది?

2021లో నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 335 పాయింట్లు వేసి 272 ఇచ్చింది. అయినా 12 ఆటల్లో గెలిచింది మూడే. ఇదెలా అనే కదా ప్రశ్న?

గెలిచిన మూడూ ఏకపక్షం: ఫోర్డమ్‌పై 52-7, బఫలోపై 28-3, నార్త్‌వెస్టర్న్‌పై 56-7. అక్కడే 119 పాయింట్ల మిగులు. ఓడిన తొమ్మిదింటిలో ఒక్కదానిలోనూ తేడా 9 పాయింట్లు దాటలేదు. అన్నీ కలిపినా లోటు 56.

దగ్గరి ఆటల్లో దురదృష్టం కొంత ఉంటుంది. కానీ ఇక్కడ పెద్ద చిల్లు స్పెషల్ టీమ్స్‌ది, అంటే కిక్‌లు, పంట్‌లు (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించడం) చూసుకునే దళానిది. మిషిగన్ స్టేట్‌పై 20-13తో ముందుండగా, నాలుగు నిమిషాల్లోపు ఆట మిగిలినప్పుడు పంట్ ఒక వైపు వెళ్లింది, దాన్ని అడ్డుకోవాల్సినవాళ్లు ఇంకో వైపు పరిగెత్తారు. మిషిగన్ స్టేట్ ఆటగాడు జేడెన్ రీడ్ ఖాళీ మైదానంలో 62 గజాలు ఉరికి టచ్‌డౌన్ (6 పాయింట్ల స్కోరు) చేశాడు. ఓవర్‌టైమ్‌లో 23-20తో ఓటమి. అయోవాపై 21-6 ఆధిక్యం కరిగిపోవడంలోనూ అడ్డుకోబడిన పంట్‌ది పెద్ద పాత్ర. ఓక్లహోమాపై అయితే టచ్‌డౌన్ తర్వాతి ఒక్క పాయింట్ అదనపు కిక్‌ను ప్రత్యర్థి ఆపి, అవతలి కొసకు తీసుకెళ్లి 2 పాయింట్లు కొట్టింది; ఒకే కిక్‌తో 3 పాయింట్ల తేడా!