బాబుకి మాటలు రావాలని వస పోస్తున్నారు... కొనసాగించవచ్చా?

ప్రశ్న: మా బాబుకి 20 నెలలు. ఇంకా ఒక్క మాట కూడా స్పష్టంగా రాలేదు. ఎప్పుడైనా 'బ... బ...' అంటాడు, అంతే. నెలల పిల్లాడప్పుడు వస పోయలేదు కాబట్టే ఇలా అయిందని మా అత్తగారి బాధ. రెండు నెలలుగా ఆదివారం, గురువారం పొద్దున్నే వస కొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి నాకిస్తున్నారు. పోయిన ఆదివారం నాకించిన గంటకి రెండుసార్లు వాంతి చేసుకుని, మధ్యాహ్నం దాకా మత్తుగా పడుకున్నాడు. పక్క ఊరి పెద్దాయన ఒకరు వస ముక్కని మంత్రించి, నల్లదారంతో మెడలో కట్టారు. 40 రోజులు తీయకూడదని, ఈలోపు ఆస్పత్రి చుట్టూ తిరిగితే ఫలితం పోతుందని చెప్పారు. వెనక నుంచి పిలిస్తే బాబు చాలాసార్లు తిరగడు. కానీ గిన్నె కిందపడితే ఉలిక్కిపడతాడు కాబట్టి చెవుడు లేదంటున్నారు ఇంట్లో. అత్తగారి మాట కాదనలేను, చూస్తూ ఊరుకోనూ లేను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వస సంగతి తర్వాత చెబుతాను. ముందు బాబు చెవుల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వస కాదు, 'వెనక నుంచి పిలిస్తే తిరగడు' అన్నది. 20 నెలల పిల్లాడు ఒక్క మాటైనా పలకకుండా, పేరు పెట్టి పిలిస్తే తిరగకుండా ఉన్నాడంటే 40 రోజులు కాదు, నాలుగు రోజులు కూడా ఆగకూడదు. ఈ వారంలోనే వినికిడి పరీక్ష చేయించండి.

గిన్నె చప్పుడుకి ఉలిక్కిపడటాన్ని నమ్ముకోవద్దు. గిన్నె పడినప్పుడు నేల అదురుతుంది, కూర్చున్న పిల్లాడికి ఆ అదురు ఒంటికి తెలుస్తుంది. పక్కనున్నవాళ్లు తల తిప్పితే వాళ్లని చూసి కూడా తిప్పుతాడు. పైగా పెద్ద మోతలు వినబడి, మాటలు వినబడని పిల్లలు చాలామంది ఉంటారు. స, ష, త, క లాంటి అక్షరాల ధ్వని సన్నగా, తక్కువ బలంతో ఉంటుంది. అవి చెవిన పడకపోతే మన మాటలన్నీ వాడికి గోడవతల గొణుగుడులాగే ఉంటాయి. ఏమీ వినబడనట్టు ఉండడు, అన్నీ విన్నట్టూ ఉండడు. ఇంట్లోవాళ్లు 'మొండివాడు, పలకడు' అనుకుంటూ ఉంటారు.

ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఒకరి నుంచి ముగ్గురు శాశ్వతమైన వినికిడి లోపంతో పుడతారు. పుట్టిన నెలలోపే పరీక్ష చేసి, మూడు నెలలకల్లా నిర్ధారించుకుని, ఆరు నెలలకల్లా చికిత్స మొదలుపెట్టాలన్నది వైద్యులు పెట్టుకున్న లెక్క. మీ బాబుకి ఆ పరీక్ష పుట్టినప్పుడు చేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. అప్పుడు చేసి బాగుందన్నా సరే, ఇప్పుడు మళ్లీ చేయించాలి. కొందరిలో లోపం తర్వాత మొదలవుతుంది. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి మధ్యలో నీరు చేరి వినికిడి తగ్గడం కూడా ఉంది. అది చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే చిన్న ఆపరేషన్‌తో నయమవుతుంది.

ఇక వస. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. నేనూ వస తిన్న పిల్లనే. మా నాయనమ్మ ఆముదం దీపం మీద కొమ్ముని కొనవరకు కాల్చి, సాన మీద తల్లిపాల చుక్కతో మూడుసార్లు అరగదీసేది. మా తమ్ముడికి పోస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. గోధుమరంగు కొమ్ము, కణుపు కణుపుకీ వేళ్లు తెగిన మచ్చలు, ముక్కుకి పట్టుకుని వదలని ఘాటు. ఓసారి దొంగతనంగా కొరికితే ముందు చేదు, తర్వాత నాలుక మొద్దుబారిపోయింది. ఆ ఘాటుకే సంస్కృతంలో దీన్ని ఉగ్రగంధ అన్నారు. అసలు పేరు వచ. మాట్లాడటం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన పేరు అది. వాచాలత, వచనం అన్నీ ఆ కుటుంబమే. పేరులోనే మాట ఉంది కాబట్టి మాట రావడానికి వస అన్న నమ్మకం ఎంత బలంగా నాటుకుపోయిందో చూడండి. ఎడతెగకుండా మాట్లాడేవాళ్లని ఈనాటికీ వసపిట్ట అంటాం, చిన్నప్పుడు వస ఎక్కువ పోశారేమో అంటాం.

చిత్తడి నేలల్లో, చెరువు గట్ల దగ్గర పెరిగే మొక్క ఇది. శాస్త్రీయ నామం అకోరస్ కలామస్. తమిళులు వసంబు అంటారు, మలయాళీలు వయంబు అంటారు, కన్నడిగులు బజె అంటారు. దక్షిణాదిలో నాలుగు భాషలవాళ్లూ ఉయ్యాల దగ్గర దీన్ని వాడినవాళ్లే. కడుపునొప్పికి బొడ్డు చుట్టూ రాస్తారు, కాల్చిన మసిని దిష్టిచుక్కగా పెడతారు, ముక్కల్ని గుచ్చి చేతికి కడియంలా కడతారు. ధాన్యంలో, బట్టల పెట్టెలో ఒక కొమ్ము పడేస్తే పురుగు చేరదన్నది మాత్రం నిజంగా నిజం, కొమ్ములో ఉండే నూనెకి పురుగుల్ని చంపే, వాటి సంతానాన్ని ఆపే గుణం ఉంది. పురుగుని తరిమేది చెడునీ తరుముతుందన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

కానీ పురుగుని చంపే ఆ పదార్థమే మనం బిడ్డ నాలుకమీద పెడుతున్నాం. దాని పేరు బీటా అసరోన్. ఎలుకలకి ఈ నూనె కలిపిన ఆహారం పెట్టి చూస్తే పేగుల్లో క్యాన్సర్ గడ్డలు వచ్చాయి. అందుకే అమెరికా 1968లోనే ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించింది. అమెరికాలో సహజంగా పెరిగే రకంలో ఈ పదార్థం దాదాపు ఉండదు. మన దేశపు వసలో చాలా ఎక్కువ. ఎప్పుడో ఒకసారి నాకిన బిడ్డకి క్యాన్సర్ వస్తుందని మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. వెంటనే కనబడే ఇబ్బంది వేరే ఉంది. వాంతులు, మత్తు. మీ బాబుకి ఆదివారం జరిగింది అదే అయ్యుంటుంది. వస మోతాదు ఎక్కువైతే వాంతులు గంటల తరబడి ఆగకుండా అవుతాయి. చిన్నపిల్లల్లో నీరు తగ్గిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

మూడుసార్లు అరగదీస్తే ఎంత మందు వచ్చినట్టు? చెప్పలేం. కొత్త కొమ్ముకీ పాతదానికీ తేడా, గరుకు రాయికీ నున్నటి రాయికీ తేడా, మీ అత్తగారి చేతికీ మీ చేతికీ తేడా. ఆయుర్వేద వైద్యులు వచని పచ్చిగా వాడరు, ముందు శోధన, అంటే చెడుగుణం తగ్గేలా శుద్ధి చేస్తారు, తూకం చూస్తారు, ఎవరికివ్వాలో ఎవరికి కూడదో చూస్తారు. ఇంట్లో సాన మీద జరిగేది ఆయుర్వేదం కాదు. శోధన చేసిన వసతో కూడా మాటరాని పిల్లలకి మాట వచ్చిందని చూపించే నమ్మదగిన ఆధారం లేదు.

మరి తరతరాలుగా వస పోస్తే మాటలొచ్చాయి కదా అంటారు. వచ్చాయి, నాకూ వచ్చాయి. ఏడాదికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకి యాభై దాకా మాటలు, 'పాలు ఇవ్వు' లాంటి రెండేసి మాటల జతలు, ఇవి వస పోసినా పోయకపోయినా ఎక్కువమంది పిల్లలకి వస్తాయి. మూడు నాలుగు నెలలకి తగ్గిపోయే కడుపునొప్పి ఏడుపూ అంతే. మంచిపేరు వసకి పోయింది. రానివాళ్లకి మాత్రం 'ఇంకొన్నాళ్లు పోయండి' అన్నారు. అక్కడే నాకు గుండె పట్టేసేది. మూడున్నరేళ్ల పాపని ఒకసారి నా దగ్గరికి తీసుకొచ్చారు. మెడలో మూడు తాయెత్తులు, నడుముకి ఒకటి. వస, ఆకుపసరు, నాలుక కింద పొర కోయించడం, అన్నీ అయ్యాయి. వినికిడి పరీక్ష మాత్రం ఎవరూ చేయించలేదు. రెండు చెవులూ దాదాపు వినబడటం లేదు. వినికిడి మిషన్ పెట్టిన రోజు వాళ్లమ్మ గాజులు కదిలితే పాప ఆ చేతివైపు చూసింది, మళ్లీ కదిపితే మళ్లీ చూసింది. ఆ తల్లి ఏడుస్తూ అడిగింది, రెండేళ్ల ముందు తెచ్చి ఉంటేనో అని. నేను అబద్ధం చెప్పలేకపోయాను. మాట నేర్చుకునే శక్తి మెదడుకి మొదటి మూడేళ్లలో ఉన్నంత తర్వాత ఉండదు.

మీరు వస పోయకపోవడం వల్ల బాబుకి ఏమీ కాలేదు. ఇది మాత్రం గట్టిగా నమ్మండి, ఎవరన్నా మీ మీదికి నెట్టితే ఈ మాట చూపించండి. మగపిల్లలకి మాట ఆలస్యమే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకి వచ్చింది అని ఓదార్చేవాళ్లనీ నమ్మవద్దు.

ఈరోజు నుంచి నోట్లో వస ఆపేయండి. మళ్లీ వాంతులైతే ఓఆర్ఎస్ చెంచా చెంచాగా పట్టండి. వాంతులు ఆగకపోయినా, లేపినా లేవనంత మత్తు ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నాడో దాచకండి, మిగిలిన కొమ్ము కూడా పట్టుకెళ్లి చూపించండి. ఇది చదువుతున్న మిగతా తల్లులకి ఒక మాట: ఏడాదిలోపు బిడ్డకి తేనె చుక్క కూడా పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఆముదం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు.

మెడలో దారం తీసేయాలి. నిద్రలో దేనికైనా చిక్కుకుంటే గొంతుకి బిగుసుకుంటుంది. ఇంకోటి గమనించారో లేదో, మెడలో ఉన్న ముక్క ఈ వయసు పిల్లాడి నోట్లోకే పోతుంది. రోజంతా చప్పరిస్తూనే ఉంటాడు. మీరు వారానికి రెండుసార్లు అనుకుంటున్న మోతాదు రోజుకి ఇరవైసార్లు అవుతుంది. కడియంలా చేతికి కట్టినా ఇదే గొడవ. తీస్తే దోషమన్న భయం ఉంటే దేవుడి గదిలో ఎత్తుగా పెట్టుకోండి, గుమ్మానికి కట్టుకోండి. మీ నమ్మకానికి నేను అడ్డురాను, బాబు ఒంటిమీద మాత్రం వద్దు. ఆస్పత్రికి వెళ్తే ఫలితం పోతుందన్న మాట మాత్రం ఎవరు చెప్పినా వినకండి.

పిల్లల డాక్టర్‌ని, ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. ఓఏఈ అనే పరీక్షలో చెవిలో చిన్న బిరడాలాంటిది పెట్టి కొద్ది నిమిషాల్లో చూస్తారు. బెరా పరీక్షలో నిద్రపోతున్న పిల్లాడి నుదుటి మీద, చెవుల వెనక స్టిక్కర్లలాంటివి అతికించి, చెవిలో శబ్దం వినిపిస్తూ మెదడు ఎలా స్పందిస్తుందో కొలుస్తారు. సూది లేదు, నొప్పి లేదు. వినికిడి బాగుందని తేలితే పని అయిపోయిందనుకోకండి. కళ్లలోకి చూస్తాడా, కావలసినదాన్ని వేలితో చూపిస్తాడా, మీరు నవ్వితే నవ్వుతాడా అని డాక్టర్ అడుగుతారు. ఆటిజం ఉందేమో చూసే ఎం-చాట్ అనే ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లలకోసమే తయారైంది. దాని పేరు వింటేనే టెన్షన్ పడకండి, త్వరగా తెలిస్తే త్వరగా థెరపీ మొదలవుతుంది.

ఖర్చు భయం ఉంటే ముందు అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షించి, పిల్లల్లో లోపాల్ని త్వరగా గుర్తించి చికిత్స అందించడానికి జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ కేంద్రానికి పంపుతారు. వినికిడి, మాట ఆలస్యం రెండూ అందులో ఉన్నాయి. లోపం తేలితే మిషన్లు, అవసరమైతే ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం కోసం ఏ ప్రభుత్వ పథకం వర్తిస్తుందో, వయసు నిబంధన ఏమిటో అక్కడే చెబుతారు.

ఈలోపు ఇంట్లో సెల్‌ఫోన్, టీవీ పూర్తిగా కట్టేయండి. రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ అసలే వద్దన్నది ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట. బాబుకి ఎదురుగా, వాడి ముఖం ఎత్తులో కూర్చుని మాట్లాడండి. స్నానం చేయిస్తూ నీళ్లు అనండి, అన్నం పెడుతూ ముద్ద అనండి, వాడు 'బ' అంటే మీరూ 'బ' అని ఆగి, మళ్లీ వాడి వంతు వచ్చేదాకా చూడండి. ఈ పని మీకంటే మీ అత్తగారు బాగా చేయగలరు. మా నాయనమ్మ వస అరగదీస్తున్నంతసేపూ తమ్ముడితో కబుర్లు చెబుతూనే ఉండేది, వాడు ఊ కొడుతూ ఉండేవాడు. ఆవిడతో 'మీరు చేసింది తప్పు' అని మొదలుపెట్టకండి. మనవడి కోసం ఆవిడ తెల్లవారుజామునే లేచి సాన ముందు కూర్చుంటోంది. 'అత్తయ్యా, ఆ అరగంట వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పండి, అదే మందని డాక్టర్ చెప్పారు' అనండి.

పరీక్షకి వెళ్లేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్లండి. బెరాకి పిల్లాడు గాఢంగా నిద్రపోవాలి. ముందురోజు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున తొందరగా లేపండి. దారిలో కునుకు తీయనివ్వకండి. అక్కడికెళ్లాక నాయనమ్మ ఒళ్లో వేసి జోకొట్టించండి.