బ్రాఫ్ పాజిటివ్ అంటే రేడియేషన్ వల్లే వచ్చినట్టా?

మీ అక్కగారికి పాపిలరీ థైరాయిడ్ క్యాన్సర్, రిపోర్ట్‌లో బ్రాఫ్ పాజిటివ్ (అంటే గడ్డలో బ్రాఫ్ అనే జీన్ మారిపోయింది) అని ఉంది, చిన్నప్పుడు తీయించిన ఎక్స్‌రేల వల్లేనా అని అడిగారు కదా. నాకూ ఇదే క్యాన్సర్, ఇదే రిపోర్ట్, సర్జరీ అయ్యి ఇప్పుడు బానే ఉన్నా. మా ఇంట్లో అయితే పక్క బిల్డింగ్ మీదున్న సెల్ టవర్ వల్లే అని తీర్పు ఇచ్చేశారు, ఆ తరంగాలకి డీఎన్ఏని తెంపేంత శక్తి ఉండదంటే వినేదెవరు.

రేడియేషన్‌కీ ఈ క్యాన్సర్‌కీ లింకు బాగా బయటపడింది చెర్నోబిల్ అణు ప్రమాదంలో. 1986 ఏప్రిల్‌లో రియాక్టర్ పేలాక అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడింది, ఆ గడ్డి ఆవులు మేశాయి, ఆ పాలు ఉక్రెయిన్, బెలారస్ పిల్లలు తాగారు, ఇక థైరాయిడ్‌కి ఏ అయోడిన్ అయినా ఒకటే కాబట్టి అంతా లాగేసుకుంది. 8 రోజులకి సగమైపోయే సరుకే, ఆ కాస్త టైమే చాలింది. నాలుగైదేళ్ళకే పిల్లల్లో కేసులు పెరిగాయి.

ఇప్పుడు మీ బ్రాఫ్ సంగతి. బ్రాఫ్ వి600ఈ అంటే డీఎన్ఏలో ఒక్క అక్షరం మారడం. రేడియేషన్ దెబ్బ ఎక్కువగా ఇలా ఉండదు, డీఎన్ఏ రెండు పోగులూ తెగిపోతాయి, కణం కంగారుగా అతికించుకునేటప్పుడు ఒక్కోసారి వేరే ముక్కలు కలిసిపోతాయి, అలా రెట్ అనే జీన్ ఇంకో జీన్‌కి అతుక్కుంటే ఇక ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. చెర్నోబిల్ పిల్లల గడ్డల్లో ఈ రెట్ అతుకులు చాలా కనిపించాయి. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన స్టడీలో ఉక్రెయిన్‌లో 440 మంది గడ్డలు పరీక్షిస్తే, డోసు పెరిగే కొద్దీ ఇలాంటి అతుకులు ఎక్కువ, మరీ చిన్న వయసులో తగిలినవాళ్ళలో ఇంకా ఎక్కువ, డోసు తక్కువైన వాళ్ళలో బ్రాఫ్ లాంటి అక్షరమార్పులు ఎక్కువ. జపాన్‌లో 2011లో అణు ప్రమాదం జరిగిన ఫుకుషిమాలో స్క్రీనింగ్‌లో దొరికిన పిల్లల గడ్డల్లో కూడా ఎక్కువగా బ్రాఫే, అందుకే అవి రేడియేషన్ వల్ల కాదు, అందరికీ స్కాన్ చేశారు కాబట్టి బయటపడ్డాయని చాలామంది అంటారు, నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది.

అలాగని రెట్ అతుకు ఉంటే రేడియేషనే అనడానికీ లేదు, ఏ రేడియేషనూ తగలని పిల్లల్లో కూడా అది ఉంటుంది. రేడియేషన్‌కి మాత్రమే ప్రత్యేకమైన గుర్తు ఆ 440 గడ్డల్లోనూ దొరకలేదు. వందల మందిని పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది గానీ, ఒక్క మనిషి రిపోర్ట్ చూసి ఇందుకే వచ్చిందని ఎవరూ చెప్పలేరు.

పన్నుకో ఛాతీకో తీసే ఎక్స్‌రే డోసు చాలా చిన్నది, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి. చిన్నప్పుడు తలకో మెడకో రేడియేషన్ ట్రీట్‌మెంట్ ఏమైనా ఇచ్చారేమో మాత్రం అమ్మగారిని అడిగి, ఉంటే డాక్టర్‌కి చెప్పండి.