బెట్టింగ్ యాప్ ప్రచారానికి వాక్‌స్వాతంత్ర్యం వర్తిస్తుందా?

ఫాలోవర్లు బాగా ఉన్న మీ తమ్ముడు ఒక బెట్టింగ్ యాప్‌కు ప్రచారం చేయడానికి సిద్ధమయ్యాడని, ‘నా ఛానల్, నా మాట, రాజ్యాంగం ఇచ్చిన హక్కు’ అంటున్నాడని రాశారు. దయచేసి ఈరోజే ఆపండి. ఆ హక్కు ఇక్కడ అక్కరకు రాదు.

నేను కృష్ణానగర్‌లో వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఆ మధ్య ఒక మధ్యవర్తి ఇలాంటి వీడియోనే పంపాడు. ఒక కుర్రాడు ఫోను ఎత్తి చూపిస్తూ, రాత్రికి రాత్రే డబ్బు వచ్చిపడిందని మురిసిపోతున్నాడు. ఫోను తెర మాత్రం ఖాళీ! బ్యాలెన్స్ అంకె నేను వేయాలట. కింద లింకు, పక్కనే రెఫరల్ కోడ్ పెట్టాలి. ‘ప్రకటన’ అన్న మాట ఎక్కడా కనపడకూడదు. ఆ కోడ్‌తో చేరినవాళ్లు పోసే డబ్బులో కుర్రాడికి వాటా. చేయనని చెప్పేశాను. అమీర్‌పేట హాస్టళ్లలో అప్పు చేసి చదువుకునే పిల్లలు ఆ అంకెను నమ్మి డబ్బు పోస్తారు. దీన్ని అభిప్రాయం అనడానికి నాకు మనసు ఒప్పదు.

చట్టమూ ఒప్పుకోదు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. వాణిజ్య ప్రకటనలకు కూడా అది వర్తిస్తుందని 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మోసపూరిత ప్రకటనలను ప్రభుత్వం అడ్డుకోవచ్చని అదే తీర్పులో ఉంది. నేరానికి పురికొల్పే మాటలపై ఆంక్షలు పెట్టే వీలు 19(2) ఎలాగూ ఇస్తోంది.

పైగా తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించారు. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు ఇన్‌ఫ్లుయెన్సర్లపై, సినిమా నటులపై కేసులు పెట్టింది ఇలాంటి ప్రచారాలకే. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పందెం ఆటలకు ప్రకటన ఇస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని అందులో ఉంది. ‘ఇది నైపుణ్యంతో ఆడే ఆట’ అన్న పాత వాదన అక్కడ చెల్లదు. నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆడితే ఒకటే. ప్రకటన తయారీలో సాయపడినవాళ్లూ నేరస్థులే అవుతారు, అంటే నాలాంటి ఎడిటర్లు కూడా. ఇదిగాక, తప్పుదోవ పట్టించే ప్రకటనల్లో కనిపించేవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

అలాగని నోరు మూసుకోమని మీ తమ్ముడికి చెప్పకండి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు రాస్తే శిక్షించే సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఒక విషయాన్ని చర్చించడం, దాని పక్షాన వాదించడం హక్కులేనని, అది ఉసిగొల్పే స్థాయికి చేరినప్పుడే ఆంక్షలు పెట్టవచ్చని తేల్చింది. ఆన్‌లైన్‌లో రాసే ప్రతి ఒక్కరికీ ఆ తీర్పే రక్ష. కాబట్టి జూదాన్ని చట్టబద్ధం చేయాలని అతను గంటసేపు వాదించినా, ఈ కొత్త చట్టాన్ని తూర్పారబట్టినా తప్పులేదు. డబ్బు తీసుకుని లింకు పెట్టాడా, అది ప్రకటన.

అడ్వాన్సు తీసుకుని ఉంటే బ్యాంకు ద్వారానే వెనక్కి పంపించండి, ఆ మధ్యవర్తితో జరిగిన సంభాషణ చెరపకండి. వీడియో ఇప్పటికే పెట్టేసి ఉంటే వెంటనే తీసేయించి, న్యాయవాదిని కలవండి. దాన్ని చూసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా అడిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయమనండి. ఆడినవాళ్లకు కేంద్ర చట్టంలో శిక్ష లేదు, రాష్ట్ర చట్టం సంగతి మాత్రం ఆ న్యాయవాదినే అడగండి.