వాచ్‌మన్ కూడా రేడియో వింటాడు

విశాఖపట్నం

తమ్ముడూ,

పొద్దుటి ఎఫ్ఎం షో కోసం నువ్వు రాసి పంపిన నాలుగు స్కిట్లూ చదివాను. గ్యాస్ బండ స్కిట్‌లో ముసలమ్మ మాటలు బాగున్నాయి. ఈ ఉత్తరం మాత్రం నాలుగోదాని గురించి. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటు, శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్, సొసైటీ సెక్రటరీ. వాచ్‌మన్ నోరు తెరిచిన ప్రతిసారీ పక్కన బ్రాకెట్లో "నవ్వులు" అని రాశావు. పదకొండు చోట్ల. ఆ పదకొండు చోట్లా అతనన్నదేమిటి? "ఏటి బాబూ", "నానెల్లిపోతాను", "నాకు తెల్దు". ఇందులో జోకేది? పైగా అడుగున "సరదాకి మాత్రమే, ఎవరినీ ఉద్దేశించినది కాదు" అని ఒక వాక్యం. అది రాయాలని అనిపించిందంటే ఎవరికి తగులుతుందో నీకు ముందే తెలుసన్నమాట. తెలిసీ పంపావు, అదే నాకు కోపం తెప్పించింది.

ఒక పని చెయ్యి. వాచ్‌మన్ మాటలన్నీ పాఠ్యపుస్తకం తెలుగులోకి మార్చి స్కిట్ మొదటి నుంచీ చదువు. "నేను వెళ్లిపోతాను", "నాకు తెలియదు". నవ్వు మిగిలిందా? మిగిలితే స్కిట్ ఉన్నట్టు. మిగలకపోతే నువ్వు స్కిట్ రాయలేదు, ఒక ప్రాంతం వాళ్ల నోటిని పట్టుకుని వెక్కిరించావు. తర్వాత అదే యాసని సెక్రటరీకి పెట్టి, వాచ్‌మన్ చేత శిష్ట భాష మాట్లాడించి చూడు. "సెక్రటరీ అలా మాట్లాడడు కదా" అనిపిస్తే, ఈ యాస పేదవాళ్లదేనని నీ మనసులో ఉందన్నమాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు ఈ ఊరి నిండా ఉన్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాళ్లూ అదే మాట్లాడతారు.

ఆఖరి పరీక్ష కష్టమైనది. మీ బిల్డింగు వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించు. అతని అనుమతి కోసం కాదు. ఎక్కడ నవ్వుతాడో, ఎక్కడ మొహమాటానికి నవ్వుతాడో, ఎక్కడ తల దించుకుంటాడో చూడు. తల దించుకున్న చోటల్లా కొట్టెయ్.

నేను చెప్పేది ఇదొక్కటే. జోకు ఎవరి మీద వేస్తున్నావో వాళ్లు వింటున్నారనుకుని రాయి. ఇంట్లో నలుగురు స్నేహితుల మధ్య అన్న మాట గోడ దాటదు. రేడియోకి గోడల్లేవు. పొద్దున్న ఏడు నుంచి పదిన్నర దాకా ఎవరు వింటారు? మద్దిలపాలెం ఆటో స్టాండు, పూర్ణా మార్కెట్ కొట్లు, ఆర్టీసీ కాంప్లెక్స్ పక్క టీ బడ్డీ, గేటు దగ్గర ఫోన్‌లో ఎఫ్ఎం పెట్టుకుని కూర్చున్న ఆ వాచ్‌మన్. నీ శ్రోత అతనే. అతన్ని గదిలోంచి బయటికి పంపించి మిగతావాళ్లని నవ్వించాలని చూశావు. అతను బయటికి పోలేదు, వింటూనే ఉన్నాడు.

2007 సెప్టెంబరులో ఢిల్లీలో ఒక ఎఫ్ఎం ఆర్జే, అంటే మైకులో షో నడిపేవాడు, ఇలాంటి జోకే వేశాడు. నేపాలీ మాట్లాడే డార్జిలింగ్ కుర్రాడు ప్రశాంత్ తమాంగ్ అప్పుడే టీవీ పాటల పోటీ గెలిచాడు. నేపాలీలు పాటలకి పోతే మన ఇళ్లకి కాపలా ఎవరు కాస్తారన్న అర్థంలో అన్నాడు. చూడు, అదీ వాచ్‌మన్ జోకే. దాని మీద నిరసనలు సిలిగురిలో అల్లర్లుగా మారి కర్ఫ్యూ దాకా వెళ్లాయి. ఢిల్లీ స్టూడియోలో అన్న మాటకి ఉత్తర బెంగాల్లో కొట్లు మూతపడ్డాయి. ఆ ఆర్జేకి దుర్మార్గపు ఉద్దేశం ఉండనక్కర్లేదు, వాళ్లు వినరనుకుంటే చాలు.

యాసలో రాయొద్దని నేననను, రాయమనే అంటాను. రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టుల్లో ప్లీడరీ చేస్తూ, ఇక్కడి బీదాబిక్కీ మాటని కథల్లోకి యథాతథంగా తెచ్చారు. ఆయన చదివించి నవ్విస్తారు, కానీ ఆ నవ్వు పోలీసు మీద, ప్లీడరు మీద, డబ్బున్నవాడి మీద పడుతుంది. నీ స్కిట్‌ని ఇలా తిప్పు:

సెక్రటరీ: గేటు దగ్గర కుర్చీ తీసేయించండి. కూర్చుంటే నిద్రపోతున్నాడు.
వాచ్‌మన్: తీసీండి బాబూ. మరి రేత్రి పన్నెండుకొచ్చి మీరా కుర్చీలోనే కూకుని, సెప్పులిప్పి సేత పట్టుకుని, అమ్మగారు పడుకున్నారా లేదా అని అడుగుతారు గదా. రేపట్నుంచి ఎక్కడ కూకుంటారు?

యాస అలాగే ఉంది. నవ్వు గేటు దాటి లోపలికెళ్లింది. వాచ్‌మన్ ఇది విని ఇంకో వాచ్‌మన్‌కి చెప్తాడు. సెక్రటరీ కూడా నవ్వుతాడు, ఎందుకంటే అతను ఫలానా అని ఎవరూ అనలేదు. పోయిందేమీ లేదు కదా?

ఇది నీ ఒక్కడి జబ్బు కాదని తెలుసు. వారపత్రికల రోజుల్లో కొందరు సంపాదకులు హీరో మాటల్లో యాస కనపడితే ఎర్ర పెన్నుతో దిద్దేవారు, పనిమనిషి మాటల్లో మాత్రం ఇంకాస్త చేర్చేవారు. సినిమాలు అదే పట్టుకున్నాయి. ఇప్పుడు టీవీ కామెడీ షోల్లో మగాడికి చీర కట్టి, లావుగా ఉన్నవాడిని తన్ని, నల్లగా ఉన్నవాడికి పేర్లు పెట్టి, పక్కన జడ్జీల చేత పగలబడి నవ్విస్తున్నారు. "జనం అదే అడుగుతున్నారు" అంటారు ప్రొడ్యూసర్లు. వేరేది వండి పెట్టకుండా ఏమడుగుతున్నారో ఎలా తెలుస్తుంది?

ఇక నువ్వు భయపడుతూ అడిగిన ప్రశ్న, జనం గొడవ చేస్తే ఏమవుతుందని. లోపల నడిచే వరస చెప్తాను. మూడు నిమిషాల ముక్కలోంచి ఇరవై సెకన్లు ఎవరో కోసి వాట్సాప్‌లో పెడతారు. ముందూ వెనకా తెలియనివాళ్లే ఎక్కువమంది వింటారు. మధ్యాహ్నానికి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) గాంధీ విగ్రహం దగ్గర పదిమంది ప్లకార్డులు పట్టుకుంటారు. కానీ రేడియో స్టేషన్ కదిలేది ప్లకార్డుతో కాదు. షోకి స్పాన్సర్ చేస్తున్న నగల షాపు మేనేజరుకో, రియల్ ఎస్టేట్ కంపెనీకో ఫోన్లు వెళ్తాయి. ఆ మేనేజరు ప్రోగ్రామింగ్ హెడ్‌కి ఫోన్ చెయ్యడు, సేల్స్ హెడ్‌కి చేస్తాడు. నిర్ణయం అక్కడే పుడుతుంది. జోకు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఆ గదిలో జరగదు.

అమెరికాలో రేడియో షో నడిపిన డాన్ ఐమస్ సంగతి చూడు. 2007 ఏప్రిల్ 4న రట్గర్స్ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుని, అందులో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు, వాళ్ల జుట్టుని పట్టుకుని నీచమైన మాట అన్నాడు. 9న రెండు వారాల సస్పెన్షన్ ప్రకటించారు. ఈలోగా ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, స్టేపుల్స్ లాంటి కంపెనీలు ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. 11న ఆ షోని టీవీలో చూపించే ఎంఎస్‌ఎన్‌బీసీ ప్రసారం ఆపింది, 12న సీబీఎస్ రేడియో ఉద్యోగం తీసేసింది. అన్న మాట మొదటి రోజున ఎంత చెడ్డదో తొమ్మిదో రోజునా అంతే. మారింది ప్రకటనల లెక్క. డిసెంబరుకల్లా అతను వేరే స్టేషన్లో మైకు ముందు కూర్చున్నాడు.

బీబీసీలో 2008 అక్టోబరులో జరిగింది నీకు ఇంకా దగ్గర. రేడియో షో నడిపే రస్సెల్ బ్రాండ్, అతనితో వచ్చిన జొనాథన్ రాస్ కలిసి ఆండ్రూ సాక్స్ అనే పెద్ద వయసు నటుడి ఆన్సరింగ్ మెషీన్లో ఆయన మనవరాలి గురించి బూతు మాటలు వదిలారు. అది లైవ్ కాదు, ముందే రికార్డు చేసిన కార్యక్రమం. ఆపడానికి రోజులున్నాయి, ఆపకుండా 18న ప్రసారం చేశారు. మొదట వచ్చిన ఫిర్యాదులు రెండు. పేపర్లో పడ్డాక అవి వేలయ్యాయి. బ్రాండ్ రాజీనామా చేశాడు, రాస్‌ని 12 వారాలు జీతం లేకుండా పక్కన పెట్టారు, రేడియో 2 కంట్రోలర్ లెస్లీ డగ్లస్ కూడా తప్పుకున్నారు. మరుసటి ఏడాది అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ బీబీసీకి 1,50,000 పౌండ్ల జరిమానా వేసింది. ఇక్కడ బాధ్యత పైదాకా వెళ్లింది. మన దగ్గర అలా వెళ్లదు. స్క్రిప్టు ఓకే చేసినవాడు, ప్రోమో వేసినవాడు, దాని మీద యాడ్స్ అమ్మినవాడు సీట్లోనే ఉంటారు. ఆర్జేని, వీలైతే రచయితని బయటికి పంపి చేతులు కడుక్కుంటారు. ఉద్యోగం తీసెయ్యమని అరిచేవాళ్లు యాజమాన్యానికి సులువైన దారి చూపిస్తున్నారని నా గట్టి నమ్మకం. తేదీ, సమయం, అన్న మాట యథాతథంగా రాసి, ఎవరు ఓకే చేశారని అడిగే ఒక్క ఉత్తరం వాళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

టీవీకి రాస్తే రూలు స్పష్టంగా ఉంది. 1994 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్‌లో ఆరో రూలు, జాతుల్నీ భాషల్నీ ప్రాంతాల్నీ వెటకారంగా, చులకనగా చూపించే దృశ్యాలూ మాటలూ కూడదంటుంది. నీ నాలుగో స్కిట్ సరిగ్గా దాని కిందికొస్తుంది. 2021 సవరణ ప్రకారం ప్రేక్షకుడి ఫిర్యాదు అందినట్టు ఛానల్ 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేలకపోతే పైన ఛానళ్లే పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ, ఆ పైన కేంద్రం. ప్రైవేటు ఎఫ్ఎంలు ఆకాశవాణి ప్రోగ్రాం కోడ్‌కి (కార్యక్రమాల నియమావళికి) కట్టుబడాలి.

నీ జాగ్రత్త నువ్వు పడు. స్క్రిప్టు నోటితో చెప్పకు, మెయిల్ చెయ్యి. ప్రతి మార్పుకీ తేదీ ఉన్న కొత్త ప్రతి. ఓకే అన్నవాళ్ల జవాబు దాచుకో. ఆర్జే మైకులో సొంతంగా చేర్చిన మాటకి నీది బాధ్యత కాదని కాంట్రాక్టులో రాయించుకో. నష్టపరిహారం మొత్తం రచయితే భరించాలన్న క్లాజు చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని నీ మూలప్రతి వరకే కుదించమను. ఫోన్ చేసి ఆటపట్టించే ముక్క రాస్తే, అవతలి మనిషికి అసలు సంగతి చెప్పి, సరేనన్న మాట రికార్డు చేసుకున్నాకే ప్రసారం. ముందు ప్రసారం చేసి తర్వాత అడుగుదామంటే ఒప్పుకోకు.

తప్పు జరిగితే క్షమాపణ మర్నాడే, అదే షోలో, అదే సమయానికి, వెనక మ్యూజిక్ లేకుండా చెప్పాలి. ఏమన్నామో, ఎవరినన్నామో, అది ఎందుకు తప్పో, ఇకమీద ఏం చేస్తామో. నాలుగు వాక్యాలు. "ఎవరైనా నొచ్చుకుని ఉంటే" అన్న మాట రాకూడదు. నొచ్చుకున్నారు కాబట్టే కదా చెప్తున్నావు.

సినిమా అవకాశాల గురించి, రేటు గురించి అడిగినవాటికి ఇప్పుడు జవాబివ్వను. వాచ్‌మన్ స్కిట్ మళ్లీ రాయి. రెండు నిమిషాలు, రెండు వందల మాటలు దాటొద్దు, అంతకు మించితే ఆర్జే పరుగెడతాడు, మాట వినపడదు. బ్రాకెట్లో "నవ్వులు" ఎక్కడా వద్దు. అడుగున ఆ వాక్యమూ వద్దు. ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో నేను చదవలేను. మీ వాచ్‌మన్‌కి వినిపించాకే పంపు, అతనేమన్నాడో వెనకవైపు రాయి.

ఆశీస్సులతో