మీ అమ్మ గురించి రాసేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ అమ్మ జ్ఞాపకాలను చిన్న పుస్తకంగా వేసి అయినవాళ్లందరికీ ఇవ్వాలనుకుంటున్నావని, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి సంస్మరణలు ఎన్నో సరిదిద్దాను. అక్కకు జబ్బు బయటపడిన నాటి నుంచి చివరిదాకా దగ్గరగా ఉన్నవాణ్ణి కూడా కనుక, నాకు తోచింది రాస్తున్నాను.

జబ్బుతో మొదలుపెట్టవద్దు. అరవై ఏళ్లకు పైగా బతికిన మనిషి జీవితంలో రొమ్ము క్యాన్సర్ ఉన్నది చివరి కొన్నేళ్లే. చదివేవాడికి ముందు ఆమె నవ్వు, ఆమె కోపం, ఎవరి మాటా వినని ఆ మొండితనం తెలిస్తేనే, తరువాత ఆమె దేన్ని ఎలా తట్టుకున్నదో అర్థమవుతుంది.

‘క్యాన్సర్‌తో వీరోచితంగా పోరాడి ఓడిపోయింది’ అనే వాక్యం నా చేతికి ఎన్నిసార్లు వచ్చినా కొట్టేశాను, నీ రాతప్రతిలో కనబడినా కొట్టేస్తాను. జబ్బును ఏ దశలో కనుక్కున్నారు, అది ఏ రకం, మందుకు లొంగిందా లేదా అన్నవాటి మీద ఫలితం ఆధారపడుతుంది గానీ రోగి పట్టుదల మీద కాదు. ఓడిపోయింది అన్నామంటే, ఇంకొంచెం గట్టిగా నిలబడి ఉంటే బతికేదన్న నింద చనిపోయిన మనిషి మీద వేసినట్లే.

ధైర్యవంతురాలు అన్న విశేషణం కూడా రాయకు. ఏం చేసిందో రాయి, ధైర్యం దానంతట అదే కనబడుతుంది. పాక్లిటాక్సెల్ వంటి కొన్ని కీమోథెరపీ మందులు వేళ్ల చివర నరాలను దెబ్బతీస్తాయి. మీ అమ్మకు స్పర్శ తగ్గిపోయి, ప్రార్థన పుస్తకంలో ఒక్కో పేజీని విడదీయడం చేతనయ్యేది కాదు. రెండు మూడు పేజీలు ఒక్కసారే తిరిగిపోయేవి. విసుక్కోలేదని రాస్తే అబద్ధమవుతుంది, గట్టిగానే విసుక్కునేది. తరువాత పుస్తకం మూసి ఒడిలో పెట్టుకుని, నోటికి వచ్చినంత మేర చదువుకునేది. మరిచిపోయిన చోట ఆగి, తరువాతి మాట అందించమన్నట్లు నా వైపు చూసేది. నాకూ సరిగా వచ్చేది కాదు, ఇద్దరం కలిసి ఏదో అతికించి ముందుకు నడిపేవాళ్లం. నీకు ఇలాంటివి నాకంటే ఎక్కువే తెలుసు.

విశ్వాసం గురించి రాసేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. దేవుడి మీద భారం వేసి మందులు మానేయమని చెప్పినవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. మీ అమ్మ వాళ్ల మాట మర్యాదగా విని, ఆ మర్నాడే కీమోకు బయలుదేరింది. నీ పుస్తకం చదివిన ఏ రోగికీ ప్రార్థన ఉంటే వైద్యం అక్కర్లేదన్న ఊహ కలగకూడదు, అలాగే నయం కానివాళ్లకు నమ్మకం చాలలేదన్న అర్థమూ రాకూడదు. ఆమె విశ్వాసం కణితిని కరిగించలేదు. మందు పనిచేయడం లేదని డాక్టరు చెప్పినప్పుడు ఆ మాటను పూర్తిగా విని, ఇక మీదట ఏం చేద్దామని అడిగే నిబ్బరాన్ని ఇచ్చింది. నాకు అది చిన్న విషయంగా కనబడదు. ప్రార్థన నోటికి రాని రోజులు, నాకే ఎందుకని అడిగిన రాత్రులు ఉన్నాయి కదా, వాటినీ రాయి. అవి లేకపోతే ఆమె భక్తి కథలోని భక్తిలా ఉంటుంది.

తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ విషయం దాచవద్దు. అది తీసుకోవడమంటే ఆశ వదులుకోవడమేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నయం కాని రోగులకు చివరి రోజుల్లో ఊరటనిచ్చే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను 1967లో లండన్‌లో స్థాపించిన వైద్యురాలు సిసిలీ సాండర్స్ స్వయంగా గాఢమైన విశ్వాసి. అయినా నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగకుండా, వేళ ప్రకారం మందు ఇచ్చి దాన్ని అదుపులో ఉంచాలని పట్టుబట్టింది. శరీరపు నొప్పితో పాటు మనసుది, కుటుంబానిది, ఆత్మది కూడా వేదనేనని, వాటన్నిటినీ కలిపి చూడాలని వైద్యులకు నేర్పింది. మీ అమ్మ డాక్టరు చెప్పిన మోతాదులో మార్ఫిన్ వేసుకున్నది కాబట్టే చివరి వారాల్లో లేచి కూర్చుని మీ అందరితో మాట్లాడగలిగింది.

ఆసుపత్రి ఫైలు తీసి వరస సరిచూసుకో, కానీ రిపోర్టులన్నీ పుస్తకంలోకి ఎక్కించకు. బయాప్సీలో తేలిన రకం, జబ్బు బయటపడినప్పటి వయసు విడిగా ఒక కాగితం మీద రాసి రక్తసంబంధీకులకు మాత్రం ఇవ్వు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే అయినా, బీఆర్‌సీఏ వంటి జన్యువులో లోపం ఉంటే అది ఒక్కో బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం, కొడుకులకైనా కూతుళ్లకైనా. మీ చెల్లెలు ఆ కాగితంతో డాక్టరును కలిస్తే పరీక్ష అవసరమో కాదో వాళ్లు తేలుస్తారు.

ఇతరుల జ్ఞాపకాలు అడిగేటప్పుడు ‘అమ్మ ఎలాంటిది’ అని అడగకు, పొగడ్తలే వస్తాయి. ‘ఆసుపత్రికి వచ్చినప్పుడు మీతో ఏం మాట్లాడింది’ అని అడుగు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు. ఆమె వాయిస్ మెసేజ్‌లు నీ ఫోనులో ఉన్నాయన్నావు, ఇవాళే మరోచోట కూడా భద్రపరుచు. జుట్టు రాలాక పరాయివాళ్లు వస్తే తలకు స్కార్ఫ్ కట్టుకునేది కదా, ఆ ఫోటోలు ఎంత బాగున్నా వేయవద్దు.

రాయడం పూర్తయ్యాక మొదట మీ నాన్నగారికి చూపించు. ఆయన తీసేయమన్నది మారుమాట లేకుండా తీసేసి, ఆ తరువాత నాకు పంపు. అచ్చుతప్పులు నేను చూస్తాను.

ఇట్లు,
మీ మేనమామ